ఆక్సిజన్ సెన్సార్ మార్చమంటున్నారా? ఏది కొనాలి, ఎవరితో చూపించాలి, ఎప్పుడు అసలు కొనకూడదు

స్కానర్ పెట్టి చూసి "ఓటూ సెన్సార్ పోయింది సార్, మార్చేద్దాం" అని ఎవరైనా అంటే, సరే అనే ముందు ఒక్క మాట అడగండి: స్కానర్‌లో లోపం కోడ్ నంబరు ఎంత వచ్చింది? ఆ నంబరు రాసుకోండి, వీలైతే స్కానర్ తెరని ఫోటో తీసుకోండి. ఏ కంపెనీ సెన్సార్ కొనాలి, షోరూమ్‌లో వేయించాలా ఆటోనగర్‌లో వేయించాలా అనేవన్నీ తర్వాతి ప్రశ్నలు. అసలు సెన్సార్ పోయిందా, లేక ఇంజన్‌లో ఉన్న ఇంకో జబ్బుని అది సరిగ్గానే చూపిస్తోందా అన్నది ముందు తేలాలి. అది తేల్చకుండా వేలకు వేలు పోసినవాళ్లని మా విజయవాడలో చాలామందిని చూశాను, నాకూ అదే జరిగింది.

నాది 2016 మోడల్ పెట్రోల్ కారు, రోజూ పటమట నుంచి గుంటూరు వెళ్లొస్తాను. రెండేళ్ల క్రితం చెక్ ఇంజన్ లైట్ వెలిగింది, బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి ఆగితే ఇంజన్ వణికేది, మైలేజీ లీటరుకి 17 నుంచి 14కి పడిపోయింది. ఒక గ్యారేజీలో స్కాన్ చేసి, పీ0171 అని చూపించి, ముందు వైపు ఆక్సిజన్ సెన్సార్ మార్చారు. లేబర్‌తో కలిపి 5,200 అయింది. పది రోజులకి కాజ టోల్‌గేట్ దాటాక మళ్లీ అదే లైట్. ఈసారి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన షెడ్డుకి తీసుకెళ్లాను. ఆయన స్కానర్ జోలికి వెళ్లకుండా ముందు బానెట్ ఎత్తి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, థ్రాటిల్ బాడీ తర్వాత ఉన్న రబ్బరు గొట్టాల మీద కార్బ్ క్లీనర్ కొద్దికొద్దిగా కొట్టుకుంటూ వెళ్లారు. ఒక చోట కొట్టగానే ఇంజన్ శబ్దం మారిపోయింది. వేలెడంత గొట్టం, వేడికి పగిలింది. దాని ఖరీదు 180 రూపాయలు. "పాత సెన్సార్ అబద్ధం చెప్పలేదు బాబూ, గాలి ఎక్కువొస్తోందనే చెప్పింది, వినేవాళ్లు లేరు" అన్నారాయన. (ఈ స్ప్రే పరీక్ష అలవాటున్నవాళ్లే చేయాలి, వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంట అంటుకుంటుంది.)

ఆ మాట అర్థం కావాలంటే సెన్సార్ చేసే పని కొంచెం తెలియాలి. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. ఇంజన్ నుంచి బయటికొచ్చే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో సెన్సార్ కొలుస్తుంది. మామూలు జిర్కోనియా రకం సెన్సార్ ఇచ్చేది చాలా చిన్న వోల్టేజీ: ఆక్సిజన్ ఎక్కువ మిగిలితే, అంటే లీన్‌గా ఉంటే, 0.1 వోల్టు దగ్గర, పెట్రోలు ఎక్కువైతే, అంటే రిచ్ అయితే, 0.9 దగ్గర. మధ్య గీత 0.45. ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ, ఆ సంఖ్య చూసి పెట్రోలు కొంచెం పెంచుతుంది, కొంచెం తగ్గిస్తుంది, అందుకే బాగున్న ముందు సెన్సార్ వోల్టేజీ పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. సెన్సార్ పని చేయాలంటే సుమారు 300 డిగ్రీలు దాటి వేడెక్కాలి కాబట్టి లోపల చిన్న హీటర్ ఉంటుంది. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందు ఒకటి, తర్వాత ఒకటి ఉంటాయి. ముందుది పెట్రోలు లెక్క చూస్తుంది, వెనకది కన్వర్టర్ పని చేస్తోందా లేదా అని కాపలా కాస్తుంది. ఈ తేడా గుర్తుంచుకోండి, ఏది మార్చాలో తెలియక రెండూ మార్పించుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

కోడ్ ఏమంటోందో ముందు చూడండి

పీ0135 వస్తే ముందు సెన్సార్ హీటర్ సర్క్యూట్‌లో లోపం, పీ0141 వస్తే వెనక సెన్సార్ హీటర్‌లో. సెన్సార్ నిజంగానే పోయి ఉండే అవకాశం ఎక్కువగా ఉండేది ఈ కోడ్‌లలోనే, అయినా ముందు ఫ్యూజ్ చూడాలి. గుంటూరులో మా బావగారి కారుకి ఇదే కోడ్ వచ్చింది, సెన్సార్ ఆర్డర్ పెట్టబోతుంటే ఆపి ఫ్యూజ్ చూశాం, కాలిపోయి ఉంది. ఫ్యూజ్ మార్చాక రెండు రోజులు బాగానే నడిచి మళ్లీ కాలింది. అప్పుడు సెన్సార్ వైరు వెంబడి చూసుకుంటూ వెళితే ఒక చోట ఎగ్జాస్ట్ పైపుకి తగిలి పై తొడుగు కరిగి ఉంది. వైరు సరిచేసి, పైపుకి దూరంగా కట్టాక మళ్లీ రాలేదు. సెన్సార్ అదే.

ఫ్యూజ్ బాగుంటే వైర్లు కలిసే కప్లర్ విప్పి మల్టీమీటర్‌తో సెన్సార్ వైపు హీటర్ పిన్నుల మధ్య ఓమ్‌లు చూడాలి. నాలుగు వైర్ల సెన్సార్‌లో ఒకే రంగులో ఉన్న రెండు వైర్లు సాధారణంగా హీటర్‌వి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చాలా సెన్సార్లు కొన్ని ఓమ్‌ల నుంచి పదిహేను ఓమ్‌ల లోపు చూపిస్తాయి, మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో సరైన సంఖ్య ఉంటుంది. మీటర్ అసలు కదలకపోతే హీటర్ తెగిపోయినట్టే. ఇక సందేహం లేదు, సెన్సార్ కొనండి.

పీ0133 అంటే ముందు సెన్సార్ నెమ్మదిగా స్పందిస్తోందని. కారు లక్ష కిలోమీటర్లు దాటి ఉంటే ఇది వయసు వల్ల కావచ్చు, కానీ సెన్సార్‌కి ముందు ఎగ్జాస్ట్‌లో చిన్న లీకున్నా ఇదే కోడ్ రావచ్చు. మ్యానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర టిక్కుటిక్కుమని శబ్దం, నల్లటి మసి చార కనిపిస్తే ముందు ఆ లీక్ ఆపాలి. పీ0131, పీ0132, పీ0134 సిగ్నల్‌కి సంబంధించినవి, వీటిలో వైరింగ్, కప్లర్ చూడకుండా సెన్సార్‌ని తప్పు పట్టకూడదు. ముఖ్యంగా 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు నీళ్లలో నానిన కార్లలో. అలాంటి కారు మీదైనా, సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైనా, కప్లర్ విప్పి పిన్నుల మీద ఆకుపచ్చ తుప్పు ఉందేమో చూడటం తప్పనిసరి. బయటికి శుభ్రంగా కనిపించిన కప్లర్ లోపల పిన్నుని తుప్పు పూర్తిగా తినేసి ఉండొచ్చు.

పీ0171, పీ0172 వస్తే మాత్రం సెన్సార్ గురించి చివర్లో ఆలోచించండి. గాలి ఎక్కువైందని ఒకటి, పెట్రోలు ఎక్కువైందని ఇంకొకటి చెబుతున్నాయి. ఎక్కడ చూడాలో ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోలుని ఎంత శాతం పెంచుతోందో (ప్లస్), తగ్గిస్తోందో (మైనస్) చూపించే సంఖ్య, చెబుతుంది. ఐడిల్‌లో ట్రిమ్ బాగా ప్లస్‌లో ఉండి, 2,500 ఆర్‌పీఎమ్‌కి తీసుకెళితే తగ్గిపోతే ఎక్కడో గాలి లీక్. ఐడిల్‌లో బాగుండి, లోడ్ మీద పెరిగితే ఫ్యూయల్ పంపు, ఫిల్టర్, గాలిని కొలిచే సెన్సార్ వైపు వెళ్లాలి. నా కారుకి పది రోజుల ముందే ఎవరైనా ఈ రెండు సంఖ్యలు చూసి ఉంటే ఆ 5,200 మిగిలేవి.

పీ0420 గురించి కూడా ఒక మాట. ఇది కన్వర్టర్ సరిగ్గా పని చేయడం లేదన్న కోడ్. చౌకగా పోతుందని వెనక సెన్సార్ మార్చి చూద్దాం అంటారు, చాలాసార్లు ఉపయోగం ఉండదు. బాగున్న కారులో వెనక సెన్సార్ వోల్టేజీ పెద్దగా కదలకుండా 0.6, 0.7 దగ్గర నిలబడుతుంది. అది ముందు సెన్సార్‌తో సమానంగా ఊగుతుంటే సెన్సార్ బతికే ఉంది, కన్వర్టరే అయిపోయింది.

పరీక్ష ఎవరితో చేయించాలి

మూడు దారులున్నాయి, మూడింటికీ డబ్బు వేరు, నమ్మకం వేరు.

మొదటిది మీరే చేసుకోవడం. ఈఎల్ఎమ్327 రకం బ్లూటూత్ డాంగిల్ కొని, స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టులో పెట్టి, ఫోన్ యాప్‌లో చూడటం. నేను 900కి కొన్నాను, ఇప్పటికి మా ఇంట్లో, చుట్టాల ఇళ్లల్లో నాలుగు కార్లకి వాడాను. కోడ్ చదవడానికి, ట్రిమ్ చూడటానికి, సెన్సార్ వోల్టేజీ గ్రాఫ్ చూడటానికి ఇది సరిపోతుంది. ఇంజన్ బాగా వేడెక్కాక 2,000 నుంచి 2,500 మధ్య ఆర్‌పీఎమ్ పట్టుకుని ముందు సెన్సార్ గ్రాఫ్ చూడండి. 0.1కీ 0.9కీ మధ్య చకచకా ఊగాలి. 0.45 దగ్గర గీతలా నిలబడితే సిగ్నల్ లేదు. కింద అతుక్కుని ఉంటే ఒకసారి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి వదలండి, వోల్టేజీ 0.8 దాటి ఎగిరిందంటే సెన్సార్ బాగానే ఉంది, జబ్బు ఇంకెక్కడో ఉంది. నా దృష్టిలో సెన్సార్‌కి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు, డాంగిల్ కొన్నాక ఇక రూపాయి ఖర్చు లేదు. అయితే కొన్ని కార్లలో ముందు సెన్సార్ వైడ్‌బ్యాండ్ రకం ఉంటుంది, సాధారణంగా ఐదు లేక ఆరు వైర్లుంటాయి. అది ఇలా ఊగదు, కాబట్టి ఈ లెక్కతో దాన్ని పోయిందనుకోకండి. చౌక డాంగిల్ గ్రాఫ్ కొంచెం ఆలస్యంగా చూపిస్తుంది కాబట్టి నెమ్మదిగా స్పందిస్తోందన్న కోడ్‌ని దీనితో తేల్చలేం.

రెండోది ఆటోనగర్ షెడ్డు. అనుభవం ఉన్న చేయి దొరికితే ఇంతకన్నా మంచిది లేదు, ఎందుకంటే వైరు కరిగిందా, పైపు లీకవుతోందా అన్నది స్కానర్ చెప్పదు, కళ్లూ చెవులూ చెప్పాలి. కానీ షెడ్డుని ఎంచుకునేటప్పుడు నేను ఒక్కటే చూస్తాను: కోడ్ చదివాక లైవ్ డేటా (ఇంజన్ నడుస్తుండగా స్కానర్‌లో మారే సంఖ్యలు) చూస్తున్నారా, మల్టీమీటర్ బయటికి తీస్తున్నారా, లేక కోడ్ చూడగానే పార్ట్ షాపుకి ఫోన్ చేస్తున్నారా. ఫోన్ చేసేవాళ్ల దగ్గర నేను ఆగను. చెక్ చేసినందుకు విడిగా డబ్బు అడిగితే సంతోషంగా ఇవ్వండి. ఒక గంట పరీక్షకి మూడు నాలుగు వందలు ఇవ్వడానికి వెనకాడి, ఐదు వేల పార్ట్‌కి మారుమాట లేకుండా ఇచ్చేస్తుంటాం.

మూడోది షోరూమ్. వారంటీ ఉన్న కారైతే ఇక ఆలోచించక్కర్లేదు, అక్కడికే వెళ్లండి. బయట వైరు కత్తిరిస్తే వారంటీతో తలనొప్పి. వారంటీ అయిపోయిన కారుకి కూడా వైడ్‌బ్యాండ్ సెన్సార్, అప్పుడప్పుడూ వచ్చి మాయమయ్యే లోపం లాంటివి ఉంటే కంపెనీ స్కానర్ ఉపయోగపడుతుంది. పాత నాలుగు వైర్ల సెన్సార్ కోసం మాత్రం అంత ఖర్చు అక్కర్లేదు.

సీఎన్‌జీ కిట్ ఉన్నవాళ్లు పరీక్ష ముందు పెట్రోలు మీద చేయించండి, తర్వాత గ్యాస్ మీద. గ్యాస్ మీద మాత్రమే లైట్ వస్తుంటే కిట్ ట్యూనింగ్ చూడాలి. ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) గురించి కూడా అడుగుతున్నారు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఈ20కి గాలి లెక్క 14.7 కాదు, సుమారు 13.5. పాత కార్లలో ఈసీయూ దాన్ని సర్దుకోవడానికి పెట్రోలు పెంచుతుంది, ట్రిమ్ కొంచెం ప్లస్‌లో కనిపిస్తుంది. అప్పటికే చిన్న గాలి లీకున్న కారు ఈ కొంచెంతో హద్దు దాటి లైట్ వెలిగించొచ్చు. అది సెన్సార్ తప్పు కాదు.

ఏ సెన్సార్ కొనాలి

పరీక్షలో సెన్సారే పోయిందని తేలింది, అనుకుందాం. ఇప్పుడు మీ ముందు ఉండేవి: కారు కంపెనీ డబ్బాలో వచ్చే ఒరిజినల్, అదే సెన్సార్‌ని తయారుచేసిన కంపెనీ సొంత డబ్బాలో అమ్మేది, వైర్లు కత్తిరించి కలుపుకునే యూనివర్సల్ రకం, స్క్రాప్ కారు నుంచి తీసిన పాతది, ఆన్‌లైన్‌లో పేరు తెలియని చౌకది.

నా ఓటు రెండో దానికి. కారు కంపెనీలు సెన్సార్ సొంతంగా చేసుకోవు, బాష్, డెన్సో, ఎన్‌టీకే లాంటి వాళ్ల దగ్గర చేయించుకుంటాయి. పాత సెన్సార్ ఒంటి మీద తయారీదారు పేరు, నంబరు చెక్కి ఉంటాయి. ఆ నంబరు పట్టుకుని, అదే తయారీదారుది, మీ కారుకి సరిపోయే కప్లర్‌తో వచ్చేది అడగండి. నేను కొన్నప్పుడు కంపెనీ డబ్బాకీ దీనికీ సుమారు వెయ్యి రూపాయల తేడా వచ్చింది, లోపల సరుకు ఒకటే. తేడా ఐదు వందల లోపే ఉంటే కంపెనీ డబ్బా తీసుకోండి, రేపు తేడా వస్తే బిల్లు పట్టుకుని అడగొచ్చు. దుకాణంలో డబ్బా తెరిచి చూడండి: చెక్కిన నంబరు స్పష్టంగా ఉందా, వైరు పొడవు పాతదానితో సమానమా, కొనకి ప్లాస్టిక్ టోపీ ఉందా.

యూనివర్సల్ రకం చౌక, కానీ దాని కష్టం కలపడంలో ఉంది. చాలా సెన్సార్లు పొగతో పోల్చుకోవడానికి కావలసిన బయటి గాలిని వైర్ల పోగుల సందుల్లోంచే పీల్చుకుంటాయి. సోల్డర్ చేస్తే ఆ సందులు మూసుకుపోతాయి, కాబట్టి డబ్బాలో వచ్చే క్రింప్ జాయింట్లే వాడాలి, గ్రీజు పూయకూడదు. రంగులు కంపెనీకో రకంగా ఉంటాయి, ఒక వైరు తారుమారైతే కొత్త సెన్సార్ అక్కడికక్కడే పోవచ్చు. మీ కారుకి నేరుగా సరిపోయేది మార్కెట్లో దొరకనప్పుడు, ఈ పని చేసిన అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్ దొరికితేనే దీనివైపు వెళ్లండి. వైడ్‌బ్యాండ్ సెన్సార్‌కి ఇది పనికిరాదు.

స్క్రాప్ సెన్సార్ వద్దు. డోరు, అద్దం, బంపర్ పాతవి కొనండి, తప్పు లేదు. సెన్సార్ ఎన్ని వేల కిలోమీటర్లు పొగ తాగిందో ఎవరికీ తెలియదు. హీటర్ ఉన్న సెన్సార్లు బాగుంటే లక్షన్నర కిలోమీటర్ల దాకా వస్తాయి, స్క్రాప్‌కి వచ్చిన కారులో ఆ ఆయుష్షు ఎంత మిగిలిందని నమ్ముతాం? పేరు లేని చౌకవి కూడా అంతే, మా వీధిలో ఒకరు పెట్టించుకున్నది మూడు నెలలకే నెమ్మదిగా స్పందిస్తోందని కోడ్ ఇచ్చింది.

పాతదాన్నే పెట్రోలులో కడిగి, మంట మీద కాల్చి ఇస్తామంటారు కొందరు. మసి పోతుంది, గ్రాఫ్ కొన్ని రోజులు బాగుండొచ్చు, తెగిన హీటర్ మాత్రం రాదు, విషం పట్టిన కొన మారదు. ఆ కొన చూస్తే మాత్రం చాలా తెలుస్తుంది. నల్లటి మసి అయితే పెట్రోలు ఎక్కువ పోతోంది. తెల్లటి పొడిలా ఉంటే సిలికోన్ కావచ్చు, ఈ మధ్య ఇంజన్ విప్పి మామూలు సిలికోన్ పేస్టు పూశారేమో కనుక్కోండి. కూలెంట్ తగ్గుతూ, కొన మీద తెల్లగా పేరుకుంటే హెడ్ గాస్కెట్ చూపించాలి. ఆ కారణం వదిలేసి కొత్తది బిగిస్తే కొత్తది కూడా అదే దారి పడుతుంది.

ఇంకో సలహా కూడా ఇస్తారు, వెనక సెన్సార్‌కి స్పేసర్ (సెన్సార్‌ని పొగకి కొంచెం దూరం జరిపే ముక్క) పెట్టి లైట్ రాకుండా చేయడం. అది చేయించుకోకండి. లైట్ ఆగుతుంది కానీ పొగ ఆగదు. మే నెలలో ఏలూరు రోడ్డు మీద సాయంత్రం స్కూటర్ మీద పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లేవాళ్లు పీల్చేది ఆ పొగే.

బిగించడం, ఆ తర్వాత

ముందు సెన్సార్ చేతికి అందే చోట ఉంటే, పనిముట్లుంటే, ఇంట్లో మార్చుకోవచ్చు. సాధారణంగా 22 మిల్లీమీటర్ల పానా పడుతుంది, వైరు పోవడానికి పక్కన గాటు ఉన్న ప్రత్యేకమైన సాకెట్ అయితే మూలలు అరగవు. ఇంజన్ కొంచెం వెచ్చగా ఉండగా విప్పాలి, పూర్తిగా చల్లారితే మర పట్టేసి ఉంటుంది, కాలేంత వేడిగా ఉంటే చెయ్యి పోతుంది. ముందు రోజు రాత్రే మర దగ్గర తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి. పావు తిప్పు కదిలాక గట్టిగా పట్టేస్తే అక్కడే ఆపేసి షెడ్డుకి వెళ్లండి, ఎందుకంటే మ్యానిఫోల్డ్‌లో మర తెగితే సెన్సార్ ధరకి రెండింతలు లేత్ పనికే అవుతుంది. వెనక సెన్సార్ కారు కింద ఉంటుంది, జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి దూరొద్దు. దీనికి ర్యాంప్ ఉన్న షెడ్డే సరైనది, లేబర్ ఐదు వందలు పోయినా సరే.

కొత్త సెన్సార్ మర మీద పేస్టు పూసే వస్తుంది చాలావరకు. లేకపోతే మరకి మాత్రమే కొద్దిగా పూయాలి, కొనకి ఒక్క చుక్క కూడా తగలకూడదు. కింద పడేసినదాన్ని బిగించకండి, లోపల ఉన్నది పింగాణీ. వైరు పాతది వెళ్లిన దారిలోనే, అవే క్లిప్పుల్లో వెళ్లాలి.

బిగించాక కోడ్ చెరిపేసి, లైట్ పోయింది కదా అని అక్కడితో ఊరుకోవద్దు, చెరిపితే ఏ లైటైనా పోతుంది. కోడ్ చెరిపినప్పుడు ఈసీయూ తన పరీక్షలన్నీ మొదటి నుంచి చేసుకోవాలి, దానికి చల్లని స్టార్ట్, ఊళ్లో ట్రాఫిక్, హైవే మీద ఒకే వేగంలో కొంతసేపు, ఇవన్నీ కావాలి. నేను పొద్దున్నే పటమటలో స్టార్ట్ చేసి, వారధి మీదుగా మంగళగిరి దాటి గుంటూరు వెళ్లి, సాయంత్రం తిరిగొస్తాను, రెండు మూడు రోజుల్లో యాప్‌లో ఆక్సిజన్ సెన్సార్, హీటర్, క్యాటలిస్ట్ పరీక్షలు పూర్తయినట్టు చూపిస్తుంది. అప్పుడు ట్రిమ్ చూడండి, రెండు వైపులా పది శాతం లోపు ఉండాలి. పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు దగ్గర పడి ఉంటే ఇదంతా అయ్యాకే వెళ్లండి, ఐడిల్‌లో సీవో (కార్బన్ మోనాక్సైడ్) 0.3 శాతం దాటకూడదు బీఎస్4, బీఎస్6 పెట్రోలు కార్లకి, ఆ చీటీ మీద వచ్చిన సంఖ్యని పాత చీటీతో పక్కపక్కన పెట్టి చూసుకోండి.